సమాధానం: కార్టులో వేసుకుంటున్నారు, కొనకుండా పోతున్నారు

అన్నా, ఉదయగిరి చెక్క గరిటెలు కార్టులో వేసుకున్నోళ్లు డబ్బు కట్టే దగ్గర వెళ్లిపోతున్నారు, సైటు రంగులు మార్చమంటారా అని అడిగారు కదా. రంగుల జోలికి పోవద్దు. నిన్న కావలి బస్టాండులో కూర్చుని మీ సైటులో ఒక గరిటె కొనబోయాను.

ముందు అకౌంటు తెరవమంది. ఓటీపీ చూసుకుని తిరిగొచ్చేసరికి పేజీ మళ్లీ లోడై, రాసిన అడ్రసంతా పోయింది. సరే, మళ్లీ కొట్టా. పిన్‌కోడ్ గడిలో 6 అంకెల మధ్య ఖాళీ పడిందట, 'ఇన్‌వాలిడ్' అని ఎర్రగా చూపించింది. ఏది తప్పో చెబితేగా! అన్నీ అయ్యాక కొరియర్ ఛార్జీ బయటపడింది, ఇంచుమించు గరిటె ధరంత. అక్కడ నేనూ మూసేశా.

కొరియర్ ఖర్చు గరిటె ధర కిందే చూపించండి. లాగిన్ బలవంతం తీసేయండి. ఫోన్ నంబరు, అడ్రసు చాలు. పిన్‌కోడ్ గడికి సైటు కోడులో ఇన్‌పుట్‌మోడ్ న్యూమరిక్ అని పెడితే ఫోనులో అంకెల కీబోర్డే వస్తుంది. ఖాళీలు పడితే మీ కోడే తీసేసుకోవాలి. రాసినవి సెషన్ స్టోరేజీలో, అంటే ట్యాబు మూసేదాకా బ్రౌజరు గుర్తుంచుకునే చోట, దాచితే రీలోడైనా పోవు.

ఫొటోలు ముచ్చటగా ఉన్నాయి గానీ గరిటె జానెడో మూరెడో తెలీలా. చేత్తో పట్టుకున్న ఫొటో ఒకటి, సెంటీమీటర్లలో కొలత పెట్టండి. ఒక్కో ఫొటో 4 ఎంబీ ఉంది, వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫొటో ఫార్మాటులోకి మార్చి 150 కేబీలోపు దించండి.

ముందు కొరియర్ సంగతి, అడ్రసు పోయే సంగతి చూడండి. ఆ తర్వాత అమ్మగారి చేతికి ఫోనిచ్చి గరిటె కొనమని, పక్కన నోరెత్తకుండా కూర్చోండి. ఎక్కడ ఆగారో రాయండి, చూద్దాం.