చెక్‌లిస్టు నింపినా పిల్లలు నకిలీ సైటును నమ్ముతున్నారంటే

వెబ్‌సైటు నమ్మదగినదో కాదో తేల్చుకునే చెక్‌లిస్టు ఇచ్చినా, మీ తొమ్మిదో తరగతి విద్యార్థులు ‘చెట్టు ఆక్టోపస్’ సైటుకు (చెట్లపై బతికే ఆక్టోపస్ ఉందని నమ్మబలికే ఉత్తుత్తి సైటు) అన్ని టిక్కులూ పెట్టి నమ్మదగినదని తేల్చారన్నారు. దానికి కారణం వారి అజాగ్రత్త కాదు, మీరిచ్చిన జాబితాలోని ప్రశ్నలన్నిటికీ జవాబులు ఆ సైటులోనే దొరకడం. రచయిత పేరు, ‘మా గురించి’ పేజీ, చక్కని రూపం అన్నీ యజమాని తనకు తాను రాసుకున్న కితాబులే. (డాట్ ఆర్గ్ చిరునామా కూడా ఎవరైనా కొనుక్కోవచ్చు.)

1. పేజీ చదవకముందే కొత్త ట్యాబ్ తెరిపించి, సైటు పేరును వెతికించండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో వెలువరించిన అధ్యయనంలో, చరిత్రకారులు సైతం పేజీలోనే ఉండిపోయి హుందాగా కనిపించిన సైట్ల వల్ల పొరబడగా, వృత్తిరీత్యా నిజనిర్ధారణ చేసేవారు వెంటనే బయటికి వెళ్లి, ఇతరులు దాని గురించి ఏమంటున్నారో చూసి, తక్కువ సమయంలోనే సరైన నిర్ణయానికి వచ్చారు.

2. ఫలితాల్లో మొదటిదాన్ని వెంటనే నొక్కనివ్వకండి. ఒక్కో ఫలితం కింద ఉన్న రెండు మూడు వరుసల సారాంశాలు చదివాకే ఎంచుకోమనండి.

3. ఇదంతా ముందు మీరే తెరపై, మనసులో మాట పైకి చెబుతూ చేసి చూపండి. నియమాలు రాయించడం కన్నా ఇదే ఎక్కువ పనిచేస్తుందని నా అభిప్రాయం.

4. పాత జాబితా స్థానంలో రెండే ప్రశ్నలు ఇవ్వండి: దీన్ని ఎవరు నడుపుతున్నారు? ఆ సంగతి ఏ ఇతర సైటులో తెలిసింది?

రెండో ప్రశ్నకు అదే సైటు పేరు రాస్తే మార్కు ఇవ్వవద్దు.