ఇంటి బోరు: మోటరు ఎత్తిన ప్రతిసారీ పోయే డబ్బు

"కొన్న ధర కన్నా ఆ తర్వాత పెట్టించే ఖర్చే ఎక్కువైన వస్తువు మీ ఇంట్లో ఏది? దాన్ని అదుపులో పెట్టడం ఎలా?" అని ఒకరు అడిగారు. అనంతపురంలో సొంతిల్లు ఉన్నవాళ్లను అడిగితే చాలామంది చెప్పేది బోరే. పాత బుల్లెట్ బండి ఖర్చు పెట్టిస్తుంటే నాలుగు నెలలు పక్కన పెట్టేయొచ్చు. బోరును అలా వదిలేయలేం, రేపు పొద్దున్నే నీళ్లు కావాలి.

బోరు వేయించే ఖర్చు పెద్దదే కానీ అది ఒక్కసారితో పోతుంది. మోటరు కూడా బాగా చూసుకుంటే ఏళ్ల తరబడి నడుస్తుంది. జేబుకు చిల్లు పడేది మోటరు పైకెత్తి దించే కూలి దగ్గర. 400 అడుగుల నుంచి ఎత్తాలంటే మనుషులు, స్టాండు, చైన్ పుల్లీ, ఒక పూట పని. లోపల చెడింది చిన్న వాల్వయినా, కాలింది మొత్తం వైండింగయినా (మోటరు లోపలి తీగచుట్ట) ఆ కూలి మాత్రం తగ్గదు. కాబట్టి అవసరం లేకుండా ఎత్తించకూడదు, ఎత్తించామంటే మళ్లీ ఎత్తే పని రాకుండా దించాలి.

నీళ్లు రాలేదనగానే మనుషుల్ని పిలవకండి, సగం జబ్బులు పైనే తెలిసిపోతాయి. స్విచ్ వేయగానే ప్యానెల్లో గుర్రుమని ట్రిప్ అవుతుంటే ముందు అనుమానించాల్సింది మోటరు తిరగడం మొదలుపెట్టేందుకు తోడ్పడే స్టార్ట్ కెపాసిటర్‌ని. దాని మీద రాసిన ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్) అంకెతో మీటరు అంకె పోల్చండి. మోటరు నడుస్తున్నంత సేపూ పనిచేసే రన్ కెపాసిటర్ 10 శాతానికి మించి తగ్గితే మార్చేయాల్సిందే, అది నీరసించిన కొద్దీ మోటరు వేడెక్కి చివరికి వైండింగ్ పోతుంది. మెయిన్ ఆపాక కూడా కెపాసిటర్‌లో కరెంటు మిగిలి ఉంటుంది, ఈ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

తర్వాత మోటరు లాగే కరెంటును కొలిచే క్లాంప్ మీటరు. ఆంప్స్ ఎప్పటికన్నా బాగా తక్కువగా ఉండి నీళ్లు గాలితో కలిసి ఆగి ఆగి వస్తుంటే, నీటి మట్టం పంపు దాకా దిగిపోయిందని. మోటరుకు జబ్బేమీ లేదు, ఎత్తించినా ఒరిగేదేమీ ఉండదు. ఆంప్స్ ఎక్కువ చూపిస్తే వోల్టేజీ తగ్గి ఉండాలి, లేదా ఇసుక పట్టి పంపు బిగుసుకుని ఉండాలి. ఆంప్స్, వోల్టేజీ మామూలుగానే ఉండి నీళ్లు సగమే వస్తుంటే మోటరు నడుస్తుండగా కేసింగ్ (బోరు పైభాగంలో దించిన గొట్టం) దగ్గర చెవి పెట్టండి. లోపల గోడకు నీళ్లు చిమ్ముతున్న చప్పుడు వినిపిస్తే పైపు జాయింటు కారుతోంది. ఇక ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెడితే ఇన్సులేషన్ 1 మెగాఓమ్ కన్నా దిగువకు పడిందంటే కేబుల్ జాయింటులోకో వైండింగులోకో నీళ్లు దిగాయి, అప్పుడు ఎత్తక తప్పదు.

ఎక్కువమంది మోసపోయేది కేబుల్ దగ్గర. 1.5 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటరు సుమారు 10 ఆంప్స్ లాగుతుందనుకోండి. ప్యానెల్ నుంచి మోటరు దాకా 450 అడుగుల రాగి కేబుల్. 1.5 స్క్వేర్ ఎంఎం వేస్తే దారిలోనే దాదాపు 36 వోల్టులు పోతాయి. 2.5 అయితే 22, 4 అయితే 14 వోల్టుల లోపు. పైన 230 ఉన్నా సన్న కేబుల్‌తో కింద 194 మాత్రమే అందుతుంది. వేసవి సాయంత్రం లైన్లోనే 200కు పడితే ఇక చెప్పేదేముంది. మోటరు తిరిగే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది, 230 కాస్తా 180 అయితే బలం 61 శాతానికి పడిపోతుంది. పైగా ఆ 36 వోల్టులు కేబుల్‌ను వేడి చేయడానికే పోతాయి. అంటే మోటరు నడిచినంత సేపూ 360 వాట్లు వృథా. 400 అడుగుల బోరుకు 4 స్క్వేర్ ఎంఎం కన్నా తక్కువ వేయొద్దని నా గట్టి మాట.

పైపు లెక్క ఇంకా సులువు. ప్రతి 33 అడుగులకు ఒక కేజీ ఒత్తిడి. 400 అడుగులకు 12 కేజీలు, మిద్దె మీది ట్యాంకుకు ఇంకో కేజీ. అక్కడ 10 కేజీల ఒత్తిడికే చేసిన నల్ల పైపు దించితే పగిలే ప్రమాదం ఉంది, 16 కేజీలది తీసుకోండి. పైకెత్తినప్పుడు నాన్ రిటర్న్ వాల్వు, కేబుల్ జాయింటు, తాడు, క్లాంపులు అన్నీ కలిపి మార్చేయండి. వాల్వు పాడైతే పైపులో నీళ్లు వెనక్కి జారుతూ పంపును ఎదురు తిప్పుతాయి, ఆ సమయంలో స్విచ్ వేస్తే షాఫ్ట్ (పంపును తిప్పే ఇరుసు) విరగొచ్చు. ఆపిన మోటరును రెండు మూడు నిమిషాల దాకా మళ్లీ వేయొద్దనేది అందుకే. వాటర్ ఫిల్డ్ (లోపల నీళ్లు నింపే) మోటరైతే దించే ముందు దాని నిండా మంచినీళ్లు పోసి, గాలి బుడగలు పోయాకే మూత బిగించాలి. ఇది మీ కళ్ల ముందే జరగాలి.

మోటరును బోరు అడుక్కి ఆనించకండి, కనీసం 20 అడుగులు వదలండి. బురదలో కూరుకుంటే చల్లబడే దారి ఉండదు. ఇంకో సంగతి, నీళ్లు పడిన గ్యాప్ (బండలో నీళ్లొచ్చే పగులు) పంపు కన్నా పైన ఉంటే నీళ్లు పైనుంచే పంపులోకి పోతాయి, కింద ఉన్న మోటరు పక్కనుంచి పారవు. బాగా నీళ్లున్న బోర్లలో కూడా మోటర్లు మాటిమాటికీ కాలడానికి ఇదొక కారణం. అలాంటిచోట మోటరుకు పీవీసీ తొడుగు వేయించాలి, నీళ్లు అడుగునుంచి ఎక్కేలా. బోరు బండివాళ్లు గ్యాప్ ఎన్ని అడుగుల్లో తగిలిందో చెప్తారు, ఆ అంకె పారేసుకోకండి.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా నీళ్లు అయిపోగానే మోటరును ఆపేసే డ్రై రన్ రిలే లేకుండా మోటరు నడపడం శుద్ధ తప్పు. రిలేతో పాటు టైమరు పెట్టి 15 నిమిషాలు నడిపి 45 నిమిషాలు ఆపితే, ఊట తక్కువ ఉన్న బోరు కూడా రోజు గడుపుతుంది.

ఉప్పునీళ్ల ఖర్చు వేరే. నీళ్ల కాఠిన్యం లీటరుకు 600 మిల్లీగ్రాములుంటే ప్రతి వెయ్యి లీటర్లతో 600 గ్రాముల సున్నపు సరుకు ఇంట్లోకి వస్తున్నట్టు. గీజర్‌ను 50 డిగ్రీలకు మించి పెట్టకండి, వేడి పెరిగిన కొద్దీ ఎలిమెంటుకు పట్టేది పెరుగుతుంది. ఫ్లోరైడు పరీక్ష చేయించకుండా తాగొద్దు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

నీళ్లు తగ్గాయని "బోరును ఇంకో వంద అడుగులు లోతుకు వేయిద్దాం" అంటారు. మనది గట్టి బండ, నీళ్లుండేది పగుళ్లలోనే. లోతుకు పోయిన కొద్దీ పగుళ్లు పెరుగుతాయన్న హామీ లేదు, అడుగు రేటు మాత్రం పెరుగుతుంది. ఆ డబ్బుతో ముందు వాన నీళ్ల గుంత తవ్వించండి. ఇక్కడ ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానే, అయినా వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద పడేది 51 వేల లీటర్లు. అందులో 40 వేలు పట్టుకోవచ్చు. బోరుకు పది అడుగుల దూరంలో గుంత తీసి, అడుగున పెద్ద రాళ్లు, మీద కంకర, ఆపైన ఇసుక నింపండి. మిద్దె నీళ్లను నేరుగా కేసింగ్‌లోకి వదలొద్దు, మురికి లోపలికి పోతే తీయడం మీ వల్ల కాదు.

పంపు బాగా నడుస్తున్న రోజునే 20 లీటర్ల బకెట్ నిండటానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసి, ఆంప్స్, వోల్టేజీ, దించిన లోతు, గ్యాప్ లోతు, కేబుల్ సైజు, కెపాసిటర్ అంకెలతో కలిపి ప్యానెల్ తలుపు లోపల మార్కర్‌తో రాసి పెట్టండి. 400 అడుగుల లోతు నుంచి 1.5 హెచ్‌పీ మోటరుకు నిమిషానికి 20 లీటర్లు వస్తుంటే సరిగ్గా ఉన్నట్టే. బకెట్ సమయం ఒకటిన్నర రెట్లయిన నాడు మెకానిక్‌ను పిలవండి, ఎత్తమని చెప్పే ముందు ఆ అంకెలు చూపించండి.