పాయింట్ గార్డ్‌గా ఆడుతున్న మేనల్లుడికి

చిరంజీవి వంశీకి మావయ్య ఆశీస్సులు.

పోయిన ఆదివారం నీవు అడిగిన ప్రశ్నకు భోజనాల దగ్గర సరిగా జవాబు చెప్పలేకపోయాను. మీ అమ్మ ముందు బాస్కెట్‌బాల్ మాట ఎత్తితే అది చివరికి నీ సెమిస్టర్ మార్కుల దగ్గరికే వెళ్తుందని మనిద్దరికీ తెలుసు కనుక, ఇలా ఉత్తరం రాస్తున్నాను. మీ కోచ్ అందరినీ ఆడించమంటున్నారు; సెలెక్షన్‌కు వచ్చేవాళ్లు స్కోర్ షీటులో పాయింట్లే చూస్తారని సీనియర్లు చెబుతున్నారు; జట్టులో అందరికంటే బాగా ఆడే పాయింట్ గార్డ్, అంటే బంతిని ముందుకు తెచ్చి ఆటను నడిపించేవాడు, ఈ రెండింటిలో దేన్ని నమ్ముకోవాలన్నది నీ సందేహం.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. నీవు షాట్ వేస్తావన్న భయం ఎదుటివాళ్లకు ఎప్పుడూ ఉండాలి, ఆ భయంతో వాళ్లు నీ మీదికి వచ్చినప్పుడు ఖాళీ అయిన చోటికి బంతి వెళ్లాలి. షాట్ వేయని పాయింట్ గార్డ్ ఇచ్చే పాస్‌కు విలువ ఉండదు, ఎందుకంటే అతన్ని ఎవరూ కమ్ముకోరు, అందువల్ల జట్టులో ఎవరూ ఖాళీగా దొరకరు. పాస్ ఇవ్వని స్కోరర్‌ను ఆపడం అంతకంటే తేలిక, ఇద్దరు మీద పడితే చాలు. కాబట్టి నీవు అడిగిన రెండూ ఒకే పనిలోని రెండు భాగాలు. బంతి చేతికి రాకముందే ‘ఈసారి నేనే వేస్తాను’ అనో, ‘ఈసారి ఎవరికైనా ఇస్తాను’ అనో తీర్మానించుకుని ముందుకు వెళ్లడమే నీ ఆటలో నాకు కనిపిస్తున్న అసలు లోపం.

నందనంలో జరిగిన మ్యాచ్‌లో ఇది రెండుసార్లు స్పష్టంగా కనిపించింది. రెండో క్వార్టర్‌లో వరుసగా మూడు బాస్కెట్లు వేశాక, నాలుగోసారి ఇద్దరు డిఫెండర్లు నీ మీదికి దూకినా వాళ్ల చేతుల మీదుగానే షాట్ వేశావు. ఆ క్షణంలో కుడి కార్నర్‌లో మీ కుర్రవాడు రెండు చేతులూ చాచి ఒంటరిగా నిలబడి ఉన్నాడు. విరామంలో కోచ్ చీవాట్లు పెట్టారు కాబోలు, మూడో క్వార్టర్‌లో పూర్తిగా అటువైపు తిరిగిపోయావు. రింగ్ దగ్గర ఆడే మీ సెంటర్, నిన్ను కాసేవాడికి అడ్డంగా నిలబడి ఇచ్చిన స్క్రీన్ దాటి ఫ్రీ త్రో గీత దగ్గరికి వచ్చేసరికి వాళ్ల పొడుగు కుర్రవాడు రింగ్ కిందే పాతుకుపోయి ఉన్నాడు, నీ ముందు మనిషి లేడు, అయినా వెనక్కి తిరిగి పాస్ ఇచ్చావు. గ్యాలరీలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి దాన్ని చూసి ‘నిస్వార్థమైన ఆట’ అన్నాడు. నాకు అది భయంగా కనిపించింది. మొదటిసారి ఎంత తప్పు చేశావో, రెండోసారీ అంతే తప్పు చేశావు.

స్క్రీన్ దాటేటప్పుడు నీవు చూడవలసింది నిన్ను కాపలా కాసేవాణ్ణి కాదు, స్క్రీన్ పెట్టినవాణ్ణి కాసే డిఫెండర్‌ను. అతను రింగ్ వైపు వెనక్కి తగ్గి నిలబడితే ఆ మధ్యలోని ఖాళీ నీది, ఆగి షాట్ వేయాలి. అక్కడ పాస్ ఇవ్వడం జట్టుకు నష్టం. అతను గీత దాకా ముందుకు వచ్చి నిన్ను అడ్డుకుంటే అతని వెనక చోటు ఖాళీ అవుతుంది, అప్పుడు స్క్రీన్ పెట్టి రింగ్ వైపు తిరిగిన మీ సెంటర్‌కు నేల మీదుగా చిన్న బౌన్స్ పాస్ ఇవ్వాలి. ఆ సెంటర్‌ను ఆపడానికి కార్నర్‌లో కాపలా ఉన్నవాడు లోపలికి జరిగాడంటే, నీ పాస్ సెంటర్‌కు కాదు, కార్నర్‌కు. ఈ మూడింటిలో ఏది జరుగుతుందో నీవు నిర్ణయించలేవు, ఎదుటి జట్టు నిర్ణయిస్తుంది. నీ పని దాన్ని ఒక్క అడుగులో చదవడం. చదవాలంటే తల ఎత్తి డ్రిబుల్ చేయాలి, రెండో డ్రిబుల్‌కే కళ్లు స్క్రీన్ పెట్టినవాణ్ణి కాసే ఆ డిఫెండర్ పాదాల మీద ఉండాలి. బరువు మడమల మీద ఉందంటే అతను వెనక్కే వెళ్తాడు.

పెద్ద ఆటగాళ్ల లెక్కలు నీకు నాకంటే బాగా తెలుసు, వేలు కదిపితే ఫోన్‌లో కనిపిస్తాయి. అయినా ఒకరి సంగతి చూడమంటాను. నేట్ ఆర్చిబాల్డ్ అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ 1972-73 సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 34 పాయింట్లు, 11.4 అసిస్టులు (తోటివాడి బాస్కెట్‌కు దారితీసిన పాసులు) సాధించి, రెండింటిలోనూ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. ఒకే మనిషి అంతా వేశాడు, అంతా వేయించాడు కూడా. ఆ ఏడాది అతని జట్టు కింగ్స్ 36 మ్యాచ్‌లు గెలిచి 46 ఓడింది, ఛాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్స్‌కు వెళ్లలేదు. అదే ఆర్చిబాల్డ్ తర్వాత బోస్టన్ చేరి, లారీ బర్డ్ లాంటివాళ్ల పక్కన సగటున 14 పాయింట్లు కూడా వేయకుండా 1981లో ఛాంపియన్ అయ్యాడు. దీన్నిబట్టి పాయింట్లు తగ్గించుకోమని నేను చెబుతున్నానని అనుకోవద్దు. అసిస్టులు పోగుపడినంత మాత్రాన అందరినీ ఆడించినట్టు కాదని మాత్రం గ్రహించు. ప్రతి బాస్కెట్‌కూ బంతి నీ చేతిలోంచే వెళ్లాలంటే మిగతా నలుగురు నీ కోసం ఎదురుచూస్తూ నిలబడిపోతారు. నీవు అలసిన రోజున ఆ జట్టుకు ఆడటం రాదు.

దీనికి ఎదురు ఉదాహరణ మ్యాజిక్ జాన్సన్. పాస్ అంటేనే అతని పేరు చెప్పుకునే రోజుల్లో, లేకర్స్ జట్టు సెంటర్ కరీమ్ అబ్దుల్ జబ్బార్‌కు నలభై ఏళ్లు దగ్గరపడ్డాయని గ్రహించిన కోచ్ పాట్ రైలీ, 1986-87 సీజన్‌లో స్కోరింగ్ భారాన్ని ఎక్కువగా జాన్సన్ మీద పెట్టాడు. ఆ ఏడాది జాన్సన్ సగటు 23.9 పాయింట్లకు పెరిగింది, అసిస్టులు మాత్రం 12.2 దగ్గరే నిలిచాయి. ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) బహుమతి అతనికి వచ్చింది, లేకర్స్ ఛాంపియన్లయ్యారు. అవసరం మారింది కనుక అతను తన వాటా మార్చుకున్నాడు, స్వభావం మార్చుకోలేదు. మీ జట్టులో ఇద్దరు సీనియర్లు వచ్చే ఏడాది వెళ్లిపోతారు. అప్పుడు నీవు ఎక్కువ వేయవలసి వస్తుంది, దానికి మొహమాటపడనక్కరలేదు.

తెలివైన ప్రత్యర్థి ఏం చేస్తాడో కూడా తెలుసుకో. 2005 ప్లేఆఫ్స్‌లో డాలస్‌తో జరిగిన నాలుగో మ్యాచ్‌లో ఫీనిక్స్ పాయింట్ గార్డ్ స్టీవ్ నాష్ 48 పాయింట్లు వేశాడు, అయినా అతని జట్టు 119-109తో ఓడిపోయింది. డాలస్ వాళ్లు అతన్ని వేసుకోనిచ్చి మిగతావాళ్లకు అంటుకుని నిలబడ్డారు. అలాంటి రోజున నాష్ షాట్లు వేయడం తప్పు కాదు, ఇచ్చింది తీసుకోవలసిందే. తర్వాతి రెండు మ్యాచ్‌లూ గెలిచి ఆ సిరీస్‌ను ఫీనిక్స్ 4-2తో ముగించింది. ఎదుటి కోచ్ నీకు షాట్ వదిలేస్తున్నాడంటే అది నీ గొప్పతనమని మురిసిపోకుండా, మీ సెంటర్‌నూ కార్నర్ కుర్రవాణ్ణీ ఎక్కడ కట్టిపడేశాడో చూసి, వాళ్లను విడిపించే ఎత్తు మీ కోచ్‌తో మాట్లాడుకోవాలి.

ఇక జట్టువాళ్ల విషయం. ఇది అన్నిటికంటే ముఖ్యమని నా నమ్మకం, అందుకే కాస్త వివరంగా రాస్తాను. వడ్డించేవాడు మనవాడైతే కడపంతిలో కూర్చున్నా ఫరవాలేదని మన పెద్దలు అంటారు. కార్నర్‌లో నిలబడినవాడికి నీ మీద ఆ నమ్మకం ఉండాలి. ఐదారు ఎటాక్‌ల పాటు బంతి ముట్టుకోని కుర్రవాడు ఏడోసారి నీవు పాస్ ఇచ్చినప్పుడు సిద్ధంగా ఉండడు: మోకాళ్లు నిటారుగా ఉంటాయి, చేతులు తొడల మీద ఉంటాయి, బంతి అందుకుని వంగి లేచేలోపు డిఫెండర్ వచ్చేస్తాడు. ఆ షాట్ తప్పితే నీవు ‘వీడికి ఇచ్చి లాభం లేదు’ అనుకుంటావు, నిజానికి ఆ షాట్‌ను చెడగొట్టింది అంతకు ముందు ఆరుసార్లు నీవు చేసిన ఆట. డిఫెన్స్‌కు పరిగెత్తడంలోనూ తేడా వస్తుంది. బంతి ముట్టినవాడు వెనక్కి పరిగెత్తుతాడు, ముట్టనివాడు నడుస్తాడు. ఇన్నేళ్లు పిల్లలకు ఆట నేర్పినవాడిగా ఈ మాట గట్టిగా చెప్పగలను.

అందువల్ల మొదటి క్వార్టర్ మొదటి నాలుగైదు నిమిషాల్లో నలుగురి చేతికీ బంతి ఒక్కసారైనా పనికొచ్చే చోట అందేలా చూడు. మీ సెంటర్‌కు రింగ్ దగ్గర ఒక తేలికైన బాస్కెట్ వేయించావంటే, ఆ తర్వాత అతను పెట్టే స్క్రీన్‌లో బలం నీకే తెలుస్తుంది. షూటర్‌కు పాస్ ఇచ్చేటప్పుడు అతని పాదాలు రింగ్ వైపు తిరిగి ఉన్నాయో లేదో చూసి, బంతిని ఛాతీ ఎత్తున, అతను షాట్‌కు ఎత్తే చేతి పక్కకు అందించాలి. మోకాళ్ల దగ్గరికి వచ్చిన పాస్‌ను పట్టుకోవడంలోనే ఆ ఖాళీ సమయమంతా పోతుంది. మన ఊరి ఉక్కపోతలో మూడో క్వార్టర్‌కల్లా బంతి చెమటతో జారుతుంది కాబట్టి, టీవీలో చూసిన ఒంటిచేతి పాసులు ఎంత అందంగా ఉన్నా రెండు చేతులతోనే ఇవ్వు. ఒకడు వరుసగా రెండు తప్పితే మూడోసారి కూడా, ఖాళీగా ఉన్నాడంటే, అతనికే ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు పేరు పెట్టి పిలువు. ఇంట్లో తెలుగు, కోర్టులో తమిళం కదా, ఏ భాషలో పిలిచినా పలుకుతారు. ముఖం చిట్లించడం మాత్రం అన్ని భాషల్లోనూ అర్థమవుతుంది.

నీవు రోజూ నందనం వైపు వెళ్తావు కాబట్టి సందర్భం వచ్చింది గనుక చెబుతున్నాను. అక్కడి వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాలను 1920లో మొదలుపెట్టిన హ్యారీ క్రో బక్, జేమ్స్ నైస్మిత్ 1891లో ఈ ఆటను కనిపెట్టిన స్ప్రింగ్‌ఫీల్డ్ సంస్థలోనే చదువుకున్నాడు. నైస్మిత్ రాసిన మొదటి నియమాల్లో డ్రిబుల్ లేదు. బంతిని పట్టుకున్నవాడు పరిగెత్తకూడదు, పట్టుకున్న చోటి నుంచే విసరాలి. ఈ రోజున నీ ఎడమ చేతి డ్రిబుల్ ఎంత బాగున్నా, ఆట మాత్రం పాస్‌తో పుట్టింది.

పాస్ ప్రతిసారీ ఔదార్యం కాదన్నది కూడా మరువకు. 24 సెకన్ల షాట్ క్లాక్‌లో అవతలి సగంలోకి చేరడానికే ఎనిమిది సెకన్ల దాకా పోవచ్చు. ఒక ఎత్తు విఫలమై రెండోది కుదరక గడియారంలో మూడు సెకన్లు మిగిలినప్పుడు, రింగ్‌కు దూరంగా వీపు తిప్పి ఉన్నవాడికి బంతి ఇవ్వడమంటే తప్పిపోబోయే షాట్‌ను అతని ఖాతాలో రాయడమే. అలాంటి షాట్ నీవే వేయాలి. అది నీ షాట్ల శాతాన్ని తగ్గిస్తుంది, తగ్గనీ. ఎన్‌బీఏలో 15,806 అసిస్టులతో అందరికంటే పైన ఉన్న జాన్ స్టాక్టన్‌ను చూడు, 1997లో హ్యూస్టన్ మీద చివరి క్షణంలో తన జట్టు యూటాను మొట్టమొదటిసారి ఫైనల్స్‌కు చేర్చిన త్రీ పాయింటర్ వేసింది అతనే. జీవితమంతా పాస్ ఇచ్చినవాడు ఆ క్షణంలో బంతి ఎవరికిద్దామా అని వెతకలేదు.

సెలెక్షన్ గురించి నీ భయం అబద్ధమని అనను. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం మీద ఆశ పెట్టుకున్న కుర్రవాడికి పేపర్లో వచ్చే ‘టాప్ స్కోరర్’ అన్న మాట విలువైనదే. కానీ బ్యాంకు జట్టుకో, రైల్వే జట్టుకో మనిషిని వెతికేవాళ్లు నీలాంటి గార్డ్‌లో చూడదలచుకునేది, ఇప్పటికే తమ దగ్గర ఉన్న పెద్ద పెద్ద స్కోరర్లకు వీడు బంతి సరిగా అందించగలడా, వాళ్లు ఆగిపోయిన రోజున తాను వేయగలడా అన్నది. కాలేజీ జట్టులో ముప్ఫై షాట్లు వేసి ముప్ఫై పాయింట్లు తెచ్చుకున్నవాడికి ఆ జట్టులో ముప్ఫై షాట్లు ఎవరూ ఇవ్వరు. టర్నోవర్లు, అంటే బంతిని ఎదుటివాళ్లకు పోగొట్టుకోవడం, తగ్గించుకో, గార్డ్ విషయంలో నేనైతే పాయింట్ల కంటే ముందు ఆ గడినే చూస్తాను.

వచ్చే శనివారం మ్యాచ్‌కు బెంచి మీద కూర్చునే జూనియర్‌కు ఒక కాగితం ఇచ్చి మూడు గడులు గీయించు. స్క్రీన్ దాటాక నీవు షాట్ వేసిన ప్రతిసారీ ముందు ఎంతమంది ఉన్నారో ఒకదానిలో, నీ పాస్ అందుకున్నవాడు వెంటనే షాట్ వేయగలిగాడో, మళ్లీ డ్రిబుల్ చేయవలసి వచ్చిందో రెండోదానిలో, ఒక్కొక్కరు ఎన్ని ఎటాక్‌లకు ఒకసారి బంతి ముట్టారో మూడోదానిలో రాయమను. బాస్కెట్ పడిందా లేదా అన్నది రాయనక్కరలేదు, అది స్కోర్ షీటులో ఎలాగూ ఉంటుంది. ఆదివారం ఇంటికి వచ్చేటప్పుడు ఆ కాగితం పట్టుకురా. మీ అమ్మ వంటింట్లో ఉండగా కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ మావయ్య
పెరంబూర్, చెన్నై