ముప్ఫై దాటాక నర్సింగ్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్ర: నాకు 32 ఏళ్లు. ఇంటర్ హెచ్‌ఈసీ 2011లో పాసయ్యాను, 1000కి 512 వచ్చాయి. ఇద్దరు పిల్లలు, చిన్నది ఒకటో తరగతి. నర్సింగ్‌లో చేరదామనుకుంటా ఉన్నాను. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేస్తే విలువుండదు, బీఎస్సీనే చేయమని చుట్టాలంటున్నారు. సైన్స్ లేకపోయినా బీఎస్సీ సీటు ఇప్పిస్తామని ఒకాయన అడ్వాన్సు అడుగుతున్నాడు. కట్టమంటారా?
– ఒక పాఠకురాలు, కావలి

జ: రూపాయి కూడా కట్టొద్దు. బీఎస్సీ నర్సింగ్‌కి ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిషు ఉండి తీరాలి. సైన్సు మూడూ కలిపి 45 శాతం రావాలి, ఎస్సీ ఎస్టీలకు 40. హెచ్‌ఈసీతో ఎవరైనా చేర్చుకున్నా ఆ తప్పు సర్టిఫికెట్ల పరిశీలనలో బయటపడుతుంది. అప్పటికి మీ డబ్బూ పోతుంది, ఏడాదీ పోతుంది.

మీ దారి జీఎన్ఎం. మూడేళ్ల కోర్సు. ఇంటర్ ఏ గ్రూపైనా మొత్తం మీద 40 శాతం మార్కులుండి, ఇంగ్లిషులో విడిగా కూడా 40 శాతం ఉంటే అర్హతే. సైన్సు వాళ్లకు ప్రాధాన్యం ఉంటుంది కాబట్టి ప్రభుత్వ సీటు మీకు కాస్త కష్టమే, అయినా దరఖాస్తు మాత్రం పెట్టండి. ఇంటర్‌లో ఒక్కో పేపరుకు 35 వస్తే పాస్ అంటారు. అలా 380 మార్కులతో గట్టెక్కినవాళ్లు జీఎన్ఎంకి పనికిరారు. మీకు మొత్తం మీద 51 శాతం ఉంది, ఆ బెంగ లేదు, ఇంగ్లిషు మార్కులు మాత్రం చూసుకోండి.

విలువ మాటకొస్తే, జీఎన్ఎం పాసైనా బీఎస్సీ పాసైనా రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదయ్యేది రిజిస్టర్డ్ నర్సు, మిడ్‌వైఫ్‌గానే. స్టాఫ్ నర్సు పోస్టులకు ఇద్దరూ పోటీ పడొచ్చు. తర్వాత ఓపికుంటే రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఉంది. అందుకే చుట్టాల మాటకంటే పుట్టిన తేదీని ఎక్కువ పట్టించుకోండి. చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 35 దాటకూడదన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన హద్దు. సైన్సు సబ్జెక్టులు మళ్లీ చదివి, ప్రవేశ పరీక్ష రాసి బీఎస్సీకి వెళ్లాలంటే ఉన్న మూడేళ్లలో సగం చేరకముందే కరిగిపోతాయి.

కాలేజీ ఎంచుకునేటప్పుడు బిల్డింగు చూడకండి, ఆసుపత్రి చూడండి. ఒక్కో విద్యార్థికి కనీసం మూడు పడకలుండాలని కౌన్సిల్ నిబంధన. ఉదయం పదింటికి వార్డులోకి వెళ్తే పడకల మీద రోగులున్నారో, దుప్పట్లే ఉన్నాయో తెలిసిపోతుంది. ఖాళీ వార్డులో చదివితే చేతికి పని రాదు. కాలేజీ పేరు ఆ ఏడాది కౌన్సిల్ జాబితాలో ఉందో లేదో కూడా చూసుకోండి. కిందటేడు ఉంటే ఈ ఏడూ ఉన్నట్టు కాదు.

చేరకముందే మూడు సంగతులు కాగితం మీద రాయించుకోండి. మొదటిది హాస్టల్. చాలాచోట్ల హాస్టల్లో ఉండాల్సిందే అంటారు, ఇంటి నుంచి వచ్చిపోయే వీలుందో లేదో ముందే తేల్చుకోవాలి. కావలి నుంచి నెల్లూరు దగ్గరే కదా అనిపిస్తుంది గానీ, పొద్దుటి డ్యూటీకి యూనిఫాంతో వార్డులో నిలబడాలంటే పిల్లలు నిద్ర లేవకముందే మీరు బస్సెక్కాలి. రెండోది మొత్తం ఖర్చు. ట్యూషన్ ఫీజుతో పాటు పరీక్ష ఫీజు, యూనిఫాం, రికార్డు పుస్తకాలు, పోస్టింగులకు బస్సు ఛార్జీలు కలిపి అడగండి. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. మూడోది మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకున్నట్టు రసీదు. ఇవ్వకముందే నాలుగు సెట్లు జిరాక్స్ తీసి, గెజిటెడ్ సంతకాలు చేయించి పెట్టుకోండి.

ఇంట్లో తేలాల్సిన మాట ఒకటుంది. థియరీకి 80 శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. వార్డు పనిలో అయితే నూటికి నూరు శాతం పూర్తి కావాలి. పిల్లకు జ్వరమొచ్చి నాలుగు రోజులు మానేస్తే ఆ నాలుగూ తర్వాత చేసి తీరాలి, సెలవులన్నీ వాటికే పోతాయి. నైట్ డ్యూటీలు మొదలయ్యాక రాత్రిపూట పిల్లల దగ్గర ఎవరు పడుకుంటారు? అమ్మా, అత్తమ్మా, మీ ఆయనా? పేరు పెట్టి తేల్చుకోండి. ‘ఎవరో ఒకరు చూస్తార్లే’ అనుకుని చేరినవాళ్లు రెండో ఏడాదిలో ఆగిపోతారు.

ప్ర: నాకు 30. పదో తరగతితోనే పెళ్లయింది. ఓపెన్ ఇంటర్ చేసి నర్సింగ్‌కి వెళ్లొచ్చా? ఏ సబ్జెక్టులు తేలిక?
– ఒక పాఠకురాలు, పొదిలి

జ: వెళ్లొచ్చు. కానీ తేలికైన సబ్జెక్టులు వెతకడంతోనే చాలామంది దెబ్బతింటారు. ఓపెన్ స్కూల్లో ఐదు సబ్జెక్టులు మీరే ఎంచుకుంటారు. తెలుగు ఉంది కదా అని ఇంగ్లిషు వదిలేస్తే పాసైన ఇంటర్ నర్సింగ్‌కి పనికిరాదు. ఇంగ్లిషు తప్పనిసరిగా పెట్టండి. గట్టిగా చదవగలనన్న నమ్మకముంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కూడా పెట్టండి, జీఎన్ఎం మొదటి ఏడాదిలో అనాటమీ, మైక్రోబయాలజీ వచ్చినప్పుడు ఆ కష్టం అక్కరకొస్తుంది. ఇక్కడా 35తో పాసైతే చాలదు, మొత్తం మీదా, ఇంగ్లిషులో విడిగానూ 40 శాతం రావాలి.

నమోదైనప్పటి నుంచి ఐదేళ్లలో తొమ్మిదిసార్లు పరీక్ష రాసుకునే వీలిస్తారు. ఆ వెసులుబాటు మీకోసం కాదనుకోండి. ఏడాదికో సబ్జెక్టు రాసుకుంటూ పోతే ఇంటర్ చేతికొచ్చేసరికి 35 నిండుతాయి. ఐదూ ఒకేసారి రాసి, తప్పినవి మాత్రమే తర్వాతి విడతలో రాయండి.

ప్ర: టెన్త్ మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉన్నాయి. ఇబ్బందా?
– ఒక పాఠకురాలు, ఆత్మకూరు

జ: ఇబ్బందే. అడ్మిషన్, పరీక్షలు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అన్నీ టెన్త్ మెమో పేరుతోనే నడుస్తాయి. మెమో జోలికి పోకుండా ఆధార్‌నే దానికి సరిపోయేలా మార్చుకోండి. పేరు మార్పుకు జీవితంలో రెండు అవకాశాలే, కాబట్టి ఇంగ్లిషు అక్షరాలు మెమోలో ఎలా ఉంటే అలాగే, ఇనీషియల్ సహా రాయించండి. బ్యాంకు ఖాతా ఆ తర్వాత. కుల ధ్రువీకరణ పుట్టుకను బట్టి ఇచ్చేది, నాన్న కాగితాలు దగ్గర పెట్టుకోండి. నాలుగో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు కూడా ఇప్పుడే తెచ్చుకోవాలి. పాత ప్రైవేటు బడి మూతపడి ఉంటే రికార్డుల కోసం మండల విద్యాశాఖ కార్యాలయంలో అడగండి.

ప్ర: నాకు 38. ఆరు నెలల్లో నర్సింగ్ డిప్లొమా ఇస్తామని కరపత్రం చూశాను. చేరమంటారా?
– ఒక పాఠకురాలు, కందుకూరు

జ: ఆరు నెలల్లో నర్సు అయ్యే కోర్సు దేశంలో లేదు. ఆ కాగితంతో కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రాదు, రిజిస్ట్రేషన్ లేకుండా నర్సుగా పనిచేయకూడదు. ఏఎన్ఎం (సహాయక నర్సు, మిడ్‌వైఫ్) కోర్సుకీ 35 ఏళ్లే హద్దు. ఇప్పటికే ఏఎన్ఎం చేసి నమోదైనవాళ్లకు మాత్రం జీఎన్ఎంలో చేరడానికి వయసు అడ్డు కాదు.

ఆసుపత్రి పనే కావాలంటే జనరల్ డ్యూటీ అసిస్టెంట్ శిక్షణ చూడండి. రోగిని పక్కకు తిప్పడం, స్నానం చేయించడం, తినిపించడం, పుండ్లు పడకుండా చూసుకోవడం నేర్పుతారు. గ్రామీణ పేద కుటుంబాలకు ఉచితంగా శిక్షణ ఇచ్చే కేంద్ర పథకం డీడీయూ-జీకేవైలో ఆడవాళ్లకు 45 ఏళ్ల దాకా అవకాశం ఉంది. అది నర్సు ఉద్యోగం కాదు, జీతమూ అంత రాదు. ఇంజెక్షన్ చేయమని ఎవరైనా సిరంజి చేతికిస్తే తీసుకోవద్దు.

ప్ర: రెండు నెలల కిందట జీఎన్ఎంలో చేరాను. 31 ఏళ్లు. లెక్కలు వదిలేసి పదిహేనేళ్లయింది. సెలైన్ చుక్కలు, మందు మోతాదు లెక్కలంటే చేతులు వణుకుతున్నాయి.
– ఒక విద్యార్థిని, ఒంగోలు

జ: మీకు కావాల్సింది గుణకారం, భాగహారమే, అంతకు మించిన లెక్కలేమీ రావు. తప్పులు ఎక్కువగా ప్రమాణాల దగ్గరే జరుగుతాయి.

సెలైన్ చూద్దాం. ఎక్కాల్సిన మి.లీ.లను, సెట్టు (సెలైన్ ఎక్కించే గొట్టం) మి.లీ.కి ఎన్ని చుక్కలు వదులుతుందో దానితో గుణించి, నిమిషాలతో భాగించాలి. 500 మి.లీ. నాలుగు గంటల్లో ఎక్కాలి, మీ సెట్టు మి.లీ.కి 20 చుక్కలది. 500ని 20తో గుణిస్తే 10,000. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. భాగిస్తే దాదాపు 41.7, అంటే నిమిషానికి 42 చుక్కలు. గడియారం పట్టుకుని పదిహేను సెకన్లలో పది, పదకొండు పడుతున్నాయో లేదో చూడండి. గంటలను నిమిషాల్లోకి మార్చడం మరిచిపోతే 2,500 వస్తుంది, అది చూడగానే తప్పని తెలియాలి. సెట్టు కవరు మీద అంకె చదవకుండా 20 అని వేసేసుకోవద్దు, 15 చుక్కలవీ ఉంటాయి. పిల్లలకు వాడే మైక్రోడ్రిప్‌లో మి.లీ.కి 60 చుక్కలు. గంటకు 60 నిమిషాలే కాబట్టి అవి రెండూ కొట్టుకుపోతాయి. గంటకు 50 మి.లీ. అంటే నిమిషానికి 50 చుక్కలు, ఇక లెక్కే అక్కర్లేదు. ఒకసారి సరిచేసి వదిలేయకండి. రోగి మోచెయ్యి మడిచినా, సీసా ఎత్తు మారినా వేగం మారిపోతుంది.

ఇంజెక్షన్‌కి డాక్టరు రాసిన మోతాదును యాంపూల్‌లో (చిన్న మందు గాజుసీసాలో) ఉన్న మోతాదుతో భాగించి, అది ఎన్ని మి.లీ.లలో ఉందో దానితో గుణించాలి. జెంటామైసిన్ 2 మి.లీ.లో 80 మి.గ్రా. ఉంది, 60 ఇమ్మన్నారు. 60ని 80తో భాగిస్తే 0.75, దాన్ని 2తో గుణిస్తే 1.5 మి.లీ. చివరి గుణకారం మరిచి 0.75 మి.లీ. ఎక్కిస్తే రోగికి అందేది సగం మందే. మిల్లీగ్రాములు, మైక్రోగ్రాములు కలిసొస్తే ముందు రెంటినీ ఒకే ప్రమాణంలోకి తెచ్చి అప్పుడు మొదలెట్టండి. ఒక మిల్లీగ్రాముకు వెయ్యి మైక్రోగ్రాములు.

రాతలో కూడా జాగ్రత్త పడాలి. సున్నా లేకుండా .5 అని రాస్తే చుక్క కనపడక 5 అని చదువుతారు, 0.5 అనే రాయండి. 5 అని రాయాల్సిన చోట 5.0 అని రాస్తే అది 50 అయి కూర్చుంటుంది. రోజూ పిల్లల హోంవర్కు పక్కనే కూర్చుని ఇలాంటివి ఐదు చేయండి. నెల తిరిగేసరికి చెయ్యి కుదురుతుంది. వార్డులో మాత్రం సీనియర్ సిస్టర్‌కు చూపించాకే మందు సిరంజిలోకి తీయండి.