డిటర్జెంటులోని ఎంజైములు మరకలను ఎలా వదలగొడతాయి?

మామూలు సబ్బు జిడ్డును బట్ట నుంచి విడదీసి నీటిలో కలిసిపోయేటట్లు చేస్తుంది గాని, రక్తం, గుడ్డు, పాలు వంటి మాంసకృత్తుల (ప్రోటీన్ల) మరకలు నూలుపోగులను గట్టిగా అంటిపెట్టుకుని ఉంటాయి కనుక వాటికి దాని శక్తి చాలదు. అక్కడ ప్రోటియేజ్ అనే ఎంజైము (రసాయన చర్యను వేగవంతం చేసే జీవ పదార్థం) పొడవైన ప్రోటీను గొలుసులను నీటి అణువుల సాయంతో తెంచుతుంది. ఆ ముక్కలు సులువుగా నీటిలో కలిసి పోతాయి. గంజి మరకలపై అమైలేజ్, నూనెపై లైపేజ్ ఇదే తీరున పనిచేస్తాయి. చర్య జరిగాక ఎంజైము మిగిలే ఉండి మరో గొలుసును అందుకుంటుంది కాబట్టి, పొడిలో అది చాలా కొద్దిగా ఉన్నా సరిపోతుంది. ఈ పద్ధతికి జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఓటో రోమ్ 1913లోనే పేటెంటు పొందారు.

విశాఖపట్నంలో చొక్కా మీద పడే చేపల పులుసునే తీసుకుందాం. చేపలోని మాంసకృత్తు ప్రోటియేజ్‌కు, నూనె లైపేజ్‌కు లొంగుతాయి. పసుపు రంగు మాత్రం ఈ ఎంజైములకు లొంగకపోగా, డిటర్జెంటులోని క్షారం తగలగానే ఎర్రబడుతుంది. ఉతికాక మంచి ఎండలో ఆరేస్తే ఆ రంగు క్రమంగా వెలిసిపోతుంది.

మరిగే నీళ్లు మాత్రం పోయవద్దు: ఆ వేడికి ఎంజైము ఆకృతి చెడుతుంది, మాంసకృత్తు గడ్డకట్టి మరక మొండికేస్తుంది. మన ఊరి కుళాయి నీళ్లలో అరగంటైనా నానబెట్టడం మేలు. పట్టు, ఉన్ని కూడా ప్రోటీన్లే కాబట్టి వాటికి ప్రోటియేజ్ ఉన్న పొడి వాడకూడదు.