గుమ్మానికి అడ్డంగా ఒక కుర్చీ

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అపోజ్, అప్రెస్, సప్రెస్ అనే మూడు ఇంగ్లీషు మాటలకూ నీ తొమ్మిదో తరగతి పిల్లలు ‘వ్యతిరేకించు’ అనే రాశారనీ, ఎన్నిసార్లు చెప్పినా బుర్రలో నిలవడం లేదనీ వాపోయావు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అర్థాలు నల్లబల్ల మీద రాసి వల్లె వేయించినవాడినే. అవి పరీక్ష రాసిన మర్నాటికి మిగిలేవి కావు.

రేపు తరగతిలో ఒక కుర్చీ లాగి గుమ్మానికి అడ్డంగా పెట్టు. ఏమీ మాట్లాడకు. నీళ్ళు తాగి వచ్చే పిల్లవాడు గడప దగ్గరే ఆగి నీ ముఖం చూస్తాడు. అదీ అపోజ్. లాటిన్‌లో ‘ఒబ్’ అంటే ఎదురుగా, ‘పోనెరె’ అంటే పెట్టడం. తరవాత ఒక రబ్బరు బంతి బల్ల మీద పెట్టి, అది చదునయ్యేదాకా అరచేత్తో నొక్కు. ‘ప్రెమెరె’ అంటే నొక్కడం. అదీ అప్రెస్. మొదటి మాటలో ఇద్దరూ ఎదురెదురుగా, కాళ్ళ మీద నిలబడే ఉన్నారు. రెండో మాటలో ఒకరు పైన, ఒకరు కింద. ‘ఎదురు’లోంచి ఎదిరించడం, ‘అణచు’లోంచి అణచివేత పుట్టిన భాష మనది. పిల్లలకు ఇంత దగ్గర దారి ఉండగా డొంకతిరుగుడు ఎందుకు?

సప్రెస్‌లో ఉన్నది ‘సుబ్’, అంటే కింద. పైకి లేవబోతున్నదాన్ని కిందికి నొక్కి ఉంచడం. దగ్గును, నవ్వును, వార్తను, తిరుగుబాటును సప్రెస్ చేస్తాం. అప్రెస్ చేసేది మాత్రం మనుషులను. మా విద్యార్థి ఒకడు దగ్గును అప్రెస్ చేశానని రాశాడు. ఆ దగ్గు మీద జాలేసింది.

రెండు ‘పి’ల గొడవ కూడా ఇక్కడే తీర్చెయ్యి. సత్, జనుడు కలిసి సజ్జనుడైనట్టే, ‘ఒబ్’లోని బకారం పక్కనున్న పకారాన్ని చూసి తానూ పకారమైంది. అఫెండ్ (నొప్పించు)లో రెండు ‘ఎఫ్’లు, అకర్ (జరుగు)లో రెండు ‘సి’లు వచ్చింది కూడా ఇలాగే. సంధి చదివిన పిల్లలకు ఇది కొత్తేమీ కాదు. ఇంకొకటి: మన ‘వ్యతిరేకంగా’ను మోసుకొచ్చి అపోజ్ పక్కన ‘అగెనెస్ట్’ తగిలిస్తారు. ఎదురు అన్నది మాటలోనే ఉంది కదా, మళ్ళీ ఎందుకని అడుగు.

పిల్లలు విసిగినట్టు కనిపిస్తే రైవల్, అంటే ప్రత్యర్థి, కథ చెప్పు. ‘రీవుస్’ అంటే ఏరు, కాలువ. ఒకే కాలువ నీళ్ళు వాడుకునేవాళ్ళను రోమన్ న్యాయశాస్త్రవేత్తలు ‘రివాలెస్’ అన్నారు. నాకు ఈ మాట నిఘంటువు చూడకముందే తెలుసనిపిస్తుంది. చిన్నప్పుడు మీ తాతయ్య రాత్రి వంతుకు పొలం వెళుతూ నన్ను లాంతరు పట్టుకోమనేవారు. తూము దగ్గర పక్క చేను ఆయన పార భుజాన వేసుకుని అప్పటికే నిలబడి ఉండేవాడు. ఇద్దరూ పలకరించుకునేవారు, చుట్ట కూడా పంచుకునేవారు. కళ్ళు మాత్రం మడవ మీదే. శత్రువులు కారు, కానీ నీళ్ళు ఒక్కటే. రైవల్‌కీ ఎనిమీకీ తేడా అక్కడుంది. ఎనిమీ ‘ఇనిమీకుస్’ నుంచి వచ్చింది, అంటే మిత్రుడు కానివాడు.

సబ్జుగేట్ మాటను మాత్రం తొందరపడి దాటవద్దు. ‘యుగుం’ అంటే కాడి. సంస్కృతంలో కాడిని యుగం అనే అంటారు. యుగళం ఆ కుటుంబంలోదే. ఇవి నిజంగా ఒకే మూలానికి చెందిన మాటలు, పోలిక చూసి నేను అంటగట్టినవి కావు. క్రీ.పూ. 321లో ఇటలీలోని కౌడియం కనుమల్లో సామ్నైట్లు అనే జాతివాళ్ళు రోమన్ సైన్యాన్ని చుట్టుముట్టి లొంగదీసుకున్నారు. రెండు ఈటెలు నాటి, మూడోది అడ్డంగా కట్టి, ఆ కాడి కిందనుంచి సైనికులందరినీ వంగి నడిపించారు. చంపకుండా వదిలిపెట్టినా ఆ అవమానాన్ని రోమువాళ్ళు మరవలేదు. ‘లొంగదీయు’ అని అర్థం రాయించే ముందు ఆ ఈటెల కింద వంగిన వీపులను కనబడనివ్వు.

ఒక్క హెచ్చరిక. మూలం దొరికింది కదా అని అర్థాన్ని దాన్నుంచే పిండుకోకు. ప్రొటెస్ట్‌లో ‘ప్రొ’ ఉంది కాబట్టి అది మద్దతేనని ఒక తెలివైన కుర్రాడు నాతో వాదించాడు. అక్కడ ‘టెస్టిస్’ అంటే సాక్షి, నలుగురి ముందుకు వచ్చి సాక్ష్యం చెప్పడం అని అసలు అర్థం. అపోజ్ కూడా నేరుగా రాలేదు. ఆగడం అనే అర్థమున్న ఇంకో లాటిన్ క్రియ ఫ్రెంచిలో ‘పోనెరె’తో కలగలిసిపోయింది. అందుకే అపోనెంట్‌లో ఉన్న నకారం అపోజ్‌లో లేదు. ఇది పిల్లలకు అక్కర్లేదు, ఎవరైనా అడిగితే నువ్వు తడబడకుండా ఉండడానికి.

నా లాటిన్ నిఘంటువు అటక మీద ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకెళ్ళు. అట్ట ఊడింది, బూజు నువ్వే దులుపుకోవాలి. కుర్చీ అడ్డం పెట్టినప్పుడు ప్రధానోపాధ్యాయులు అటు వస్తే ఏమన్నారో రాయి.

నీ
మామయ్య