బంతి గొడవ కాదమ్మా ఇది

ప్రశ్న: మాది విజయనగరం, తోటపాలెం. నా వయసు 36. మావారికి విశాఖలో ఉద్యోగం. పొద్దున్నే రైలుకి వెళ్లి రాత్రికి వస్తారు. అత్తయ్యగారు పోయాక, రైల్వేలో చేసి రిటైరైన మావయ్యగారికి తోడుగా ఉంటుందని మావారు లాబ్రడార్ పిల్లని తెచ్చారు. పేరు రాజా, ఇప్పుడు మూడేళ్లు. దానికి బంతి పిచ్చి. పొద్దున కాఫీ వేళ నుంచి బంతి నోట కరుచుకుని మావయ్యగారి కాళ్ల దగ్గరే ఉంటుంది. ఆయన విసురుతూనే ఉంటారు, మిట్టమధ్యాహ్నం మేడ మీద కూడా. విసరకపోతే మొరుగుతుంది, అన్నం ముట్టదు. మంచం కిందికి దొర్లిన బంతి కోసం అర్ధరాత్రి నేల గోకుతుంది. ఈమధ్య ఆట అయ్యాక లేచేటప్పుడు వెనక కాలు కుంటుతోంది. వద్దంటే మావయ్యగారు ‘నేనేమిచ్చినా తిరిగి తెచ్చిచ్చేది ఇదొక్కటే కదమ్మా’ అంటారు. మావారికి చెబితే ‘నాన్నకి నువ్వే చెప్పు’ అంటారు. బొబ్బిలి దగ్గర పొలం విషయంలో మాటామాటా వచ్చినప్పటి నుంచి ఇద్దరూ నేరుగా మాట్లాడుకోరు. పక్కింటివాళ్లేమో సన్‌షేడ్ మీద పడ్డ బంతుల గురించి సణుగుతున్నారు. గజపతినగరంలో స్నేహితుడి తోటకి కుక్కని పంపేద్దామంటున్నారు మావారు. పంపేయమంటారా? లేక బంతి పిచ్చి మాన్పించే దారి ఏదైనా ఉందా?
– ఒక కోడలు

జవాబు: పంపొద్దు. ఆ ప్రశ్న అంతటితో సరి.

మీ ఉత్తరంలో పొలం సంగతి ఒక్క వాక్యంలో తేల్చేసి, వెంటనే పక్కింటివాళ్ల సన్‌షేడ్ దగ్గరికి వెళ్లిపోయారు. నాకు మాత్రం ఆ ఒక్క వాక్యం దగ్గరే చూపు ఆగిపోయింది. దాని గురించి చెప్పే ముందు కుక్క సంగతి చూద్దాం. పాపం, దాని కాలి సంగతి వాయిదా వేసేది కాదు.

లాబ్రడార్ అంటేనే తెచ్చివ్వడానికి పెంచిన జాతి. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ తీరాన జాలర్లకి వలలు లాగడంలో సాయపడిన కుక్కల సంతతిని 19వ శతాబ్దంలో ఇంగ్లండ్ దొరలు తమ దేశానికి తీసుకెళ్లారు. తుపాకీ దెబ్బకి పడిన పిట్టని నలగకుండా నోట పట్టుకొచ్చే వాటినే ఎంచుకుని, తరం తర్వాత తరం పెంచుకుంటూ వచ్చారు. కాబట్టి రాజాకి పిచ్చేమీ పట్టలేదు. అది దాని కులవృత్తి. కాకపోతే వేటలో పిట్టకీ పిట్టకీ మధ్య చాలాసేపు కూర్చుని కాచుకోవాలి. మీ ఇంట్లో తెచ్చిన మరుక్షణమే ఇంకోటి ఎగురుతోంది. ఆ వేడి దిగే సందు లేక కుక్క ఆటలోనే చిక్కుకుపోతుంది. బంతి కోసం అన్నం కూడా మానేస్తోందంటే ఆట సరదా స్థాయి ఎప్పుడో దాటిపోయింది.

ముందు కాలు. పశువుల డాక్టరు చూసేదాకా బంతి ఆట పూర్తిగా బంద్. లాబ్రడార్లలో తుంటి కీలు వదులుగా ఉండే సమస్య ఎక్కువ. పూర్తి వేగంలో ఉరికి ఒక్కసారిగా ఆగడం, గాలిలో మెలి తిరిగి దూకడం వల్ల మోకాలి లిగమెంట్ తెగే ప్రమాదమూ ఉంది. పైగా నున్నటి మేడ మీద కాళ్లు జారతాయి. నొప్పి ఉన్నా బంతి కనిపిస్తే పరిగెడుతుంది కాబట్టి ‘ఆడుతోందిగా, బాగానే ఉంది’ అనుకోవద్దు. ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర సగం విరిచి పెట్టే పని అసలు చేయకండి. మనుషుల నొప్పి మాత్రలు కుక్క కడుపునీ కిడ్నీలనీ దెబ్బతీస్తాయి. ఊళ్లో పశువుల ఆసుపత్రి ఉంది. పెద్ద పరీక్షలు కావాలంటే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది.

ఎండ సంగతి ఇంకా భయం. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, అరికాళ్లలో కొద్దిగా తప్ప. నాలుక చాపి రొప్పడమే దానికున్న ఫ్యాను. బంతి మోజులో ఉన్న కుక్క అలిసినా తనంతట తాను ఆగదు. మేడ మీద కాలిన శ్లాబుకి పాదాలు బొబ్బలెక్కుతాయి. ఎప్పుడైనా చొంగ కారుస్తూ తూలితే వెంటనే నీడకి తెచ్చి, ఒళ్లంతా మామూలు నీళ్లతో తడిపి, ఫ్యాను పెట్టి, డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

కాలు బాగుపడి డాక్టరు సరేనన్నాక పొద్దు పొడవకముందు ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి ఆడించవచ్చు. ఏడెనిమిది విసుర్లు చాలు. పైకి ఎగరేయకుండా మట్టి నేల మీద దొర్లించాలి. విసిరే ముందు ప్రతిసారీ కూర్చోబెట్టి కాస్త ఆపాలి. బొచ్చు టెన్నిస్ బంతిలో ఇసుక చేరితే పళ్లు అరుగుతాయి, నున్నటి గట్టి రబ్బరు బంతి కొనండి. అది గొంతులోకి జారనంత పెద్దదిగా ఉండాలి. ఆట ముగిసేటప్పుడు రోజూ ఒకటే మాట, ‘అయిపోయింది’ అని ఖాళీ చేతులు చూపించి, బంతిని దాని కళ్లబడకుండా బీరువాలో పెట్టేయాలి. వెంటనే దాని తిండి గుప్పెడు పెరట్లో చల్లి వెతుక్కోనివ్వండి. ముక్కుతో వెతికే పని కుక్క బుర్రని బాగా అలసిపోయేలా చేస్తుంది, ఒంటిని ఉద్రేకపెట్టదు. కాలు కుంటుతున్నా ఈ పని ఇవాళే మొదలుపెట్టవచ్చు.

మొదట్లో మొరుగుడు తగ్గకపోగా పెరుగుతుంది. అరగంట మొరిగాక విసుగొచ్చి ఒక్కసారి విసిరారంటే, అరగంట మొరిగితే బంతి వస్తుందని దానికి మీరే నేర్పినట్టు. ఇంట్లో ముగ్గురూ ఒక్క మాట మీద ఉండాలి.

ఇక్కడే వచ్చింది చిక్కు. మీ ఇంట్లో ముగ్గురు ఒక్క మాట మీద ఎలా ఉంటారు? అందులో ఇద్దరికి మాటలే లేవు కదా!

మీకు కోపం వచ్చినా సరే చెబుతాను. మీ ఆయన ఆ కుక్కని తండ్రికి తోడుగా తెచ్చానని అనుకుంటున్నారు. తను చేయాల్సిన పని చేయడానికి తెచ్చారు. భార్య పోయిన పెద్దాయన పక్కన సాయంత్రం పది నిమిషాలు కూర్చుని ‘మందులు వేసుకున్నావా’ అని అడగడం కొడుకు పని. ఆ పని మూడేళ్లుగా రాజా చేస్తోంది, కాలు కుంటుపడేదాకా చేసింది. ఇప్పుడు దాన్ని కూడా తోటకి పంపేస్తారట. ఆ తర్వాత పెద్దాయన పొద్దుటి నుంచి రాత్రి దాకా ఎవరి మొహం చూడాలి? రైలు టైము నాకూ తెలుసు, రోజూ విశాఖ వెళ్లొచ్చే మనిషి అలసటా తెలుసు. అలసట తండ్రితో మాట్లాడకపోవడానికి సాకు కాదు. పొలం ఎవరి పేర ఉన్నా, ఎవరు సంతకం పెట్టనన్నా సరే.

మావయ్యగారిని వెనకేసుకు రావడం లేదు. ‘తిరిగి తెచ్చిచ్చేది ఇదొక్కటే’ అన్న మాట మీకు చెప్పినట్టుంది గానీ, తగలాల్సింది మీ ఆయనకి. కొడుకుని అనాల్సింది కొడుకునే అనాలి. కోడలి మీదుగా విసరడం పెద్దరికం అనిపించుకోదు.

ఇక మీరు. ఇద్దరి మధ్యా కబుర్లు మోసే పని మీకెవరు అప్పగించారు? మంచి కోడలు అనిపించుకోవాలని మీరే నెత్తిన వేసుకున్నట్టున్నారు. దించేయండి. ఈసారి ‘నాన్నకి నువ్వే చెప్పు’ అంటే ‘మీ నాన్నగారు మేడ మీదే ఉన్నారు’ అనండి. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ వద్దు. మావయ్యగారు ‘వాడికి చెప్పమ్మా’ అన్నా అంతే. భోజనం వడ్డించండి, మందులు అందించండి, ఆ మర్యాదలో లోటు రానివ్వకండి. మాటలు మాత్రం మోయకండి. ఒకటి రెండు రోజులు ఇల్లు బిగుసుకుపోతుంది. టెన్షన్ పడి మధ్యలోకి దూరకండి.

రాజాని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సింది వాళ్లిద్దరూ. ఎదిగిన లాబ్రడార్ ముప్పై కిలోలు తూగుతుంది. దాన్ని ఆటోలోకి ఎక్కించడం పెద్దాయన ఒక్కరి వల్ల కాదు, నొప్పిలో ఉన్నది మీ ఆయన ఒక్కరి మాటా వినదు. ఒకరు తల పట్టుకోవాలి, ఒకరు ఎప్పటి నుంచి కుంటుతోందో చెప్పాలి. ఎప్పటి నుంచో తెలిసింది తండ్రికే. కాబట్టి కొడుకు ఒక రోజు సెలవు పెట్టాలి. మీరు ఆ ఆటో ఎక్కొద్దు. జాగా లేదనో, ఇంట్లో పని ఉందనో చెప్పండి.

కాలు కుదిరి డాక్టరు నడిపించమన్నాక ఆదివారం పొద్దున్నే ఇద్దరూ దాన్ని గొలుసుతో అయ్యకోనేరు గట్టు దాకా నడిపించుకు రావాలి. ప్రతి స్తంభం దగ్గరా ఆగి వాసన చూస్తుంది, చూడనివ్వాలి. పొలం ఊసు ఆ నడకలో ఎత్తొద్దని మీ ఆయనకి ముందే చెప్పండి. ఈ ఒక్క కబురు మోయడానికి నేను అనుమతిస్తున్నాను. మన మగవాళ్లకి ఎదురెదురుగా కూర్చుని మనసు విప్పడం రాదు. కుక్క కాలు గురించైతే గంటసేపు మాట్లాడతారు. బంతి వేళలు కూడా కొడుకే నోరు తెరిచి తండ్రికి చెప్పాలి. రైల్వేలో టైము ప్రకారం బతికిన మనిషికి రెండు పూటల టైము పాటించడం కష్టమేమీ కాదు, చెప్పాల్సినవాడు చెబితే.

పొలం సంగతి పెద్దమనుషుల ముందో లాయరు దగ్గరో తేల్చుకోవచ్చు. అది ఈ నెల తేలకపోయినా కొంపలు మునగవు.

సన్‌షేడ్ మీద బంతుల సంగతంటారా, పక్కింటివాళ్లకి ఒకసారి సారీ చెప్పి, ఆ బంతులు వాళ్ల పిల్లలకే ఉంచేయమనండి. మళ్లీ అడిగి తెచ్చుకోకండి. మీ ఇంట్లో ఒక్క బంతి ఉంటే చాలు, దాని బీరువా తాళం మావయ్యగారి దగ్గరే ఉండనివ్వండి.